మామత్ పన్నులో ముందు ఏది, వెనక ఏది? ఏ దవడది?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, మీరు పెట్టిన నాలుగు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. ఓడలో పనిచేసే మీ అన్నయ్య నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవులో చేపల వేటవాళ్ళ దగ్గర కొన్న మామత్ (ఎప్పుడో అంతరించిపోయిన ఏనుగు జాతి జంతువు) పన్ను ఇప్పుడు కంచిలిలో మీ ఇంటి షోకేసులో ఉంది. పొడవు 24 సెంటీమీటర్లు, వెడల్పు 9, బరువు రెండున్నర కిలోలు దాటింది. ఒక కొస పొట్టిగా నున్నగా ఉంది, రెండో కొస ఎత్తుగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. ఏది పైకి పెట్టాలి, ఏ కొస ముందు, ఏ దవడది అని అడిగారు. "నున్నటి ముఖం మీద 26 గీతలు లెక్కపెట్టాను, ఇంతకీ ఇది మామతేనా" అని చివర్లో ఇంకోటి అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పొట్టిగా అరిగిన కొస ముందు. బొడిపెలున్న ఎత్తు కొస వెనక. గీతలున్న ముఖం పైకి రావాలి, అంటే మీరు పన్నును తలకిందులుగా పెట్టారు. ఇది కింది దవడ, కుడి వైపు పన్ను, అందులోనూ ఆఖరి దవడ పన్ను. ఒంటినిండా బొచ్చుండే ఉన్ని మామత్‌దే. చివరిది తప్ప మిగతా మాటలు ఫొటో చూసే చెప్పగలను. చివరి మాటకు మీరు ఒక చిన్న కొలత తీసి చూసుకోవాలి, అది కింద చెబుతాను.

ఒక మాట చెప్పి మొదలుపెడతాను. పంటి కింద ఉండేవీ వేళ్ళే, పంటిలో వరసగా నిలబడి ఉండే పలకల చివర బొడిపెలూ చూడ్డానికి చేతివేళ్ళే. రెండింటికీ ఒకే మాట వాడితే మనమే తికమక పడతాం. కాబట్టి కిందివాటిని వేర్లు అంటాను, పైవాటిని వేళ్ళు అంటాను.

పన్ను దవడలో ఎలా నడుస్తుందో తెలిస్తే మిగతావన్నీ తెలుస్తాయి

మనకు పాలపన్ను ఊడితే దాని కిందనుంచి కొత్తది పైకి వస్తుంది. ఏనుగు జాతికి అలా కాదు, కొత్త పన్ను దవడ వెనక తయారై ముందుకు జరుగుతూ వస్తుంది. దవడలో ఒక్కో పక్కన జీవితకాలం మొత్తానికి ఆరు పళ్ళు, నాలుగు పక్కలకూ కలిపి 24. ఒక సమయానికి ఒక పక్కన పనిచేసేది ఒకటి, లేదా అరిగిపోయే పాతదాని చివరి ముక్కా, దాని వెనకే కొత్తదాని మొదటి ముక్కా. వెనకది తోస్తూ ఉంటే ముందుది అరిగి అరిగి, ముందు కొసనుంచి ముక్కలుగా రాలిపోతుంది. మామత్‌కూ ఇదే పద్ధతి.

ఇప్పుడు మీ పన్ను చూడండి. ముందు కొస దవడలోంచి ముందు బయటికొచ్చింది, ముందు నమిలింది, ఎక్కువ అరిగింది. అందుకే పొట్టి, నునుపు. వెనక కొస ఇంకా చిగురులోనే ఉండగా ఆ జంతువు చనిపోయింది. అందుకే అక్కడ పలకల చివరలు వేళ్ళలా అరగకుండా మిగిలాయి. పన్ను ఎవరు తెచ్చినా నేను మొదట వెతికేది అరుగుదల ఎటు నుంచి ఎటు పోతోందన్నదే. ఎడమా కుడీ, పైదా కిందిదా, పేరేమిటి, అన్నీ ఆ తరవాతే.

ఇది ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను జువాలజీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో మా కాలేజీ మ్యూజియంలో ఒక ఏనుగు పన్నుకు చీటీ రాసే పని నాకు పడింది. ఎత్తుగా, నిండుగా ఉన్న కొసే ముందు అనుకుని బాణం గుర్తు అటు గీశాను. రెండేళ్ళు అలాగే పాఠం చెప్పాను. ఒకరోజు నరసన్నపేట నుంచి వచ్చే ఒక కుర్రాడు లేచి, "వెనకనుంచి ముందుకు జరుగుతుందని మీరే చెప్పారు కద సార్, మరి ముందుది ముందే అరగాలి కదా" అన్నాడు. ఆ మధ్యాహ్నమే బీరువా తాళం తీయించి చీటీ మార్చాను. ఆ రెండేళ్ళలో తప్పు నేర్చుకుని వెళ్ళిన పిల్లల సంగతి ఇప్పటికీ నాకు బాధే.

పైకి ఏది, కిందికి ఏది

మీరు చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. పన్ను అడుగున వేర్లు గూటాల్లా, కోరల్లా ఉంటాయి. మన కళ్ళు వాటిని చూసి "ఇవే కొరికే మొనలు" అనుకుంటాయి. నున్నటి ముఖం పీటలా కుదురుగా ఆనుతుంది కాబట్టి దాన్ని కింద పెట్టేస్తాం. నిజానికి ఆ నున్నటిదే తిరగలి రాయి. ఆ జంతువు గడ్డి రుబ్బుకున్నది దానిమీదే.

మీ రెండో ఫొటోలో ముందు కొస కింద ఒక వేరు విడిగా, ఒంటి కాలులా కనిపిస్తోంది. దాని వెనక మిగతా వేర్లు కలిసిపోయి ఒక గోడలా ఉన్నాయి. ముందు వేరు విడిగా ఉండడం ఈ పళ్ళ లక్షణం, కాబట్టి ముందు ఏదో చెప్పడానికి అరుగుదల తరవాత ఇది రెండో సాక్ష్యం. పైగా ఆ వేరు ఇంకా ఉందంటే ముందు కొసనుంచి రాలిపోయింది కొద్దిగానే. అది లేకపోతే ఎన్ని పలకలు పోయాయో తెలియదు, అప్పుడు లెక్కపెట్టిన సంఖ్య పక్కన "కనీసం" అని రాసుకోవాలి.

గీతలు కాదు, పలకలు లెక్కపెట్టాలి

మీ 26 దగ్గర ఒక చిక్కుంది. ఈ పన్ను ఒక్క ముద్ద కాదు. తమలపాకుల కట్టను నిలువునా నిలబెట్టి, సందుల్లోనూ చుట్టూరా మైనం పోసినట్టు ఉంటుంది దీని కట్టుబాటు. ఒక్కో ఆకు ఒక్కో పలక. పలక లోపల డెంటీన్ అనే పంటి లోపలి పదార్థం, దానిమీద దిండుకు గలీబు తొడిగినట్టు పింగాణి (ఎనామెల్) పొర. పలకకూ పలకకూ మధ్య నింపిన మైనమే సిమెంటం. పైనుంచి అరిగినప్పుడు దిండూ గలీబూ కలిపి అడ్డంగా కోసినట్టవుతుంది. గలీబు అంచులు రెండు పక్కలా రెండు తెల్లటి గీతలుగా కనిపిస్తాయి. కాబట్టి రెండు గీతలు కలిస్తే ఒక పలక. ఒక గీత మీద వేలు పెట్టి దాని వెంబడే పోతే పక్కన మలుపు తిరిగి రెండో గీతగా వెనక్కి వస్తుంది. అలా చుట్టు మూసుకుంటే ఒకటి అని లెక్క.

అంటే మీ 26 గీతలు 13 పలకలు. అవి అరిగినవి మాత్రమే. వెనక అరగనివి సిమెంటం కప్పుకుని పైనుంచి సరిగ్గా కనబడవు, పక్కనుంచి చూడాలి. మీ మూడో ఫొటోలో అలాంటివి 7 లెక్కకొచ్చాయి. మొత్తం 20.

అరిగే క్రమం కూడా ఆ ముఖం మీదే ఉంది, ఓపిగ్గా చూడండి. వెనకనుంచి ముందుకు రండి. మొదట వేళ్ళ కొసలు కాస్త అరిగి చిన్న చిన్న సున్నాల వరస. తరవాతి పలకల్లో ఆ సున్నాలు రెండు మూడు కలిసి పొడుగు ఉంగరాలు. ఇంకా ముందుకొస్తే అన్నీ కలిసిపోయి ఈ అంచునుంచి ఆ అంచుకు ఒకటే పొడవాటి చుట్టు. ముందు కొసకు చేరేసరికి కొన్నిచోట్ల పింగాణి కూడా పోయి డెంటీన్ ఒక మచ్చలా మిగులుతుంది. ఒక జంతువు ఎన్నో ఏళ్ళు తిన్న తిండి అంతా ఆ 24 సెంటీమీటర్ల మీద వరసగా ఉంది.

ఈ ఏర్పాటు ఎంత గొప్పదో ఊళ్ళో తిరగలి వాడినవాళ్ళకు చెప్పక్కర్లేదు. రాయి నునుపెక్కితే కక్కు కొట్టించాలి, లేకపోతే పిండి పడదు. ఏనుగు పంటికి ఆ అవసరం లేదు. పింగాణి గట్టిది, డెంటీన్, సిమెంటం మెత్తనివి. మెత్తనివి త్వరగా అరిగి పల్లమవుతాయి, పింగాణి గట్లలా పైకి నిలుస్తుంది. నమిలేకొద్దీ దాని కక్కు అదే కొట్టుకుంటుంది. వేలి గోరుతో అడ్డంగా గీకి చూడండి, ఇన్ని వేల ఏళ్ళ తరవాత కూడా ఆ గట్లు గోరుకు తగులుతాయి.

పై దవడా, కింది దవడా

దీనికి స్టీలు స్కేలు ఒకటి చాలు. నమిలే ముఖం మీద, ముందునుంచి వెనక్కి, నిలువుగా అంచు మీద నిలబెట్టండి. స్కేలు రెండు కొసలా ఆనుకుని మధ్యలో కిందనుంచి వెలుతురు కనిపిస్తే ఆ ముఖం పొడవునా పల్లంగా ఉన్నట్టు, అది కింది పన్ను. స్కేలు మధ్యలో ఆనుకుని రెండు కొసలా ఊగిసలాడితే ముఖం ఉబ్బుగా ఉన్నట్టు, అది పై పన్ను. పై పన్ను ఉబ్బు కింది పన్ను పల్లంలో కూర్చుంటుంది. మీ మొదటి ఫొటోలో పల్లం స్పష్టంగా ఉంది. దానికి తోడు కింది పళ్ళు సన్నగా పొడుగ్గా సాగినట్టు, పై పళ్ళు వెడల్పుగా ఎత్తుగా ఉండడం రివాజు. మీది మొదటి రకమే.

ఒక హెచ్చరిక. సగం విరిగిన ముక్కకో, ఇప్పుడిప్పుడే అరగడం మొదలైన పంటికో ఈ స్కేలు పరీక్ష చెయ్యకండి. అరిగిన ముఖం తగినంత పొడవు లేకపోతే పల్లమో ఉబ్బో తేలదు.

ఎడమా, కుడీ

కింది పన్ను పైనుంచి చూస్తే కొద్దిగా వంకీ తిరిగి ఉంటుంది. దవడ ఎముక వెనక్కి పోయేకొద్దీ బయటికి విచ్చుకుంటుంది, పన్నూ ఆ దారినే పెరుగుతుంది. అందువల్ల వంపు లోపలిభాగం, అంటే గుంట పడిన పక్క, బుగ్గ వైపు. ఉబ్బు పక్క నాలుక వైపు. పన్నును బల్లమీద నమిలే ముఖం పైకి పెట్టి, ముందు కొస మీకు దూరంగా ఉండేలా తిప్పండి. ఆ జంతువు వీపు మీద కూర్చుని ముందుకు చూస్తున్నట్టు అనుకోండి. గుంట పక్క మీ కుడిచేతి వైపు వస్తే కుడి పన్ను, ఎడమ వైపు వస్తే ఎడమ పన్ను. మీదాన్ని నేను ఫొటోలోనే తిప్పి చూశాను, గుంట కుడికే వచ్చింది.

పై పన్ను సంగతి వేరు. దాని వంపు తక్కువ, అరుగుదల ఏటవాలు కూడా మోసం చేస్తుంది. పుర్రె లేకుండా ఒంటరి పై పన్ను తెచ్చి ఎడమో కుడో చెప్పమంటే, పక్కన పోల్చడానికి ఇంకో పన్ను లేనిదే నేను చెప్పను.

ఆఖరి పన్ను అని ఎలా అన్నానంటే, మీ నాలుగో ఫొటోలో వెనక కొస సన్నబడుతూ పోయి ముగిసింది. దాని వెనక ఇంకో పన్ను ఉండుంటే ఆ రెండూ ఒరుసుకున్న చోట చదునైన మచ్చ పడేది, వెనక కొస అంత సన్నబడేది కాదు. ఇప్పటి ఏనుగుల లెక్కతో పోలిస్తే, ఆఖరి పన్ను ఇలా సగానికి పైగా వాడకంలోకి వచ్చిందంటే ఈ మామత్ ఎదిగిన జంతువు. ముసలిది మాత్రం కాదు, ఇంకా ఏడు పలకలు మిగిలే ఉన్నాయి.

మామతేనా?

ఏనుగు, మామత్ వేరువేరు జాతులని 1796లో ఫ్రాన్సులో కువియే అనే శాస్త్రవేత్త చెప్పింది ముఖ్యంగా పళ్ళూ దవడలూ పోల్చి చూసే. మనం చూసేవీ అవే గుర్తులు. పలకలు ఎన్ని, ఎంత దగ్గరగా ఉన్నాయి, పింగాణి ఎంత మందం.

ఆఫ్రికా ఏనుగు ఆఖరి పంటికి పలకలు పద్నాలుగు దాటడం అరుదు, అరిగిన చుట్టు మధ్యలో ఉబ్బి శంకరపోళీలా డైమండ్ ఆకారంలో ఉంటుంది. మన ఏనుగుకూ ఉన్ని మామత్‌కూ ఇరవై, ఆపైన కూడా ఉంటాయి. కాబట్టి ఉత్త సంఖ్య చూసి ఈ రెంటినీ విడదీయలేం. మన ఏనుగు పింగాణి గీత చీర కుచ్చిళ్ళు నలిగినట్టు దగ్గరదగ్గర ముడతలు పడి ఉంటుంది, మందం కూడా ఎక్కువ. ఉన్ని మామత్ గీత సన్నం, ముడతలు తక్కువ. మందం ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు.

పలకల దగ్గరితనం కొలవడానికి 10 సెంటీమీటర్లలో ఎన్ని పలకలు పడతాయో చూస్తాం. పన్ను వంకర కాబట్టి ఒకచోటే లెక్కపెడితే తప్పు వస్తుంది. మీ ఫొటోలో స్కేలు పెట్టి చూస్తే నాలుక వైపు 8, బుగ్గ వైపు 9 వచ్చాయి. పైనా అడుగునా కూడా ఇలాగే రెండు పక్కలా లెక్కపెట్టి, నాలుగూ కూడి నాలుగుతో భాగించండి. ఈ దగ్గరితనం ఉన్ని మామత్‌కు సరిపోతుంది. రోటర్‌డామ్ వేటవాళ్ళు వలలు వేసే నార్త్ సీ అడుగునుంచి అంతకంటే చాలా పాతదైన దక్షిణ మామత్ పళ్ళు కూడా వలలకు వస్తాయి గానీ, దాని ఆఖరి పంటికి పలకలు పన్నెండు పద్నాలుగే, పింగాణీ మందం. మీది అది కాదు.

మీరు చెయ్యాల్సిన కొలత పింగాణి మందమే. ఊళ్ళో కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది, అడిగి తెచ్చుకోండి. గీతకు అడ్డంగా, నిటారుగా కొలవండి, ఏటవాలుగా కొలిస్తే మందం ఎక్కువ చూపిస్తుంది. ఐదారు చోట్ల తీసి రాసుకోండి. రెండు మిల్లీమీటర్ల లోపు వస్తే నేను చెప్పిన పేరు నిలుస్తుంది.

మన గడ్డ మీద ఉన్ని మామత్ తిరగలేదు. అది సైబీరియా, ఐరోపా, ఉత్తర అమెరికా చలి మైదానాల జంతువు. చివరి గుంపు రష్యా ఉత్తరాన రాంగెల్ దీవిలో సుమారు 4,000 ఏళ్ళ కిందటి వరకూ బతికింది. నార్త్ సీ అడుగు మంచుయుగంలో పొడి నేల, అందుకే అక్కడ వలల్లో ఇవి పడతాయి. మన దేశంలో నర్మద లోయలో దొరికే పెద్ద శిలాజ ఏనుగు వేరే రకం. లెక్చరర్ కాకముందు నేను ఆ లోయలో శిలాజాలు ఏరే బృందంతో కొన్ని సీజన్లు తిరిగాను. అక్కడ ఒక పశువుల కాపరి గుడిసెలో "రాతి చెయ్యి" చూపించారు. అరచేయంత పలక, పైన ఐదు వేళ్ళు, నిండా పసుపు రాసి ఉంది. సిమెంటం కరిగిపోయి పన్ను విడిపోతే ఒక్కో పలక అచ్చం అలాగే చేతిలా కనిపిస్తుంది. అది ఏనుగు పంటి పలక అని చెప్పాక, ఆ ముసలాయన తన చెయ్యి దాని పక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. దాన్ని నేను అడగలేదు, ఆయన దగ్గరే ఉంచి కొలతలు రాసుకుని వచ్చాను.

అందుకే మన జిల్లాల్లో ఎవరైనా వాగులో "మామత్ పన్ను" దొరికిందంటే నేను ముందు మన ఏనుగునే అనుమానిస్తాను. 2007 నుంచి ఒడిశా వైపునుంచి ఏనుగులు సీతంపేట, పార్వతీపురం కొండల్లోకి వస్తూనే ఉన్నాయి, కొన్ని ఇక్కడే చనిపోయాయి కూడా. పాలకొండ దగ్గర ఒకాయన అలాంటిదే సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చాడు. తేలిగ్గా, పాలిపోయిన రంగులో ఉంది, పింగాణి నిండా కుచ్చిళ్ళు. ఏనుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, దాని ఏ భాగాన్నీ ఇంట్లో పెట్టుకోకూడదు. ఇద్దరం కలిసి వెళ్ళి అటవీశాఖ వాళ్ళకు అప్పజెప్పాం. మీదానికి ఆ ఇబ్బంది లేదు గానీ, అమ్మకం ఆలోచన మాత్రం పెట్టుకోకండి. ఏనుగు దంతం వ్యాపారం మీదున్న నిషేధం మామత్ దంతానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. దంతం వేరు, దవడ పన్ను వేరు అని వాదించే అవసరం మీకు రానివ్వకండి. అన్నయ్య కొన్న బిల్లు ఉంటే పంటితోపాటే దాచండి.

ఇప్పుడు తొందరగా చెయ్యాల్సింది

పేరు కంటే నాకు దిగులుగా ఉన్నది మీ మూడో ఫొటోలో వేళ్ళ దగ్గర కనిపించే తెల్లటి పొడి. అది ఉప్పు. సముద్రం అడుగునుంచి వచ్చిన పంటి లోపల ఉప్పునీళ్ళు ఇంకి ఉంటాయి, ఆరేకొద్దీ ఉప్పు గడ్డకట్టి పలకల్ని విడదీస్తుంది. మీది సముద్రానికి దగ్గరి ఊరు, చెమ్మ ఎక్కువ. ఒకరోజు చెమ్మ పట్టి మర్నాడు ఎండితే ఆ ఉప్పు మళ్ళీ మళ్ళీ పనిచేస్తుంది. ప్లాస్టిక్ తొట్టెలో మంచినీళ్ళు పోసి పన్నును మునిగేలా పెట్టండి, వేర్ల మీద కాకుండా మెత్తటి గుడ్డ మీద పక్కకు వాల్చి. నీళ్ళు రోజుమార్చి రోజు మార్చండి, కొన్ని వారాలు పడుతుంది. తరవాత ఎండలో పెట్టొద్దు, ఫ్యాను కింద కూడా వద్దు. గోనెపట్టా కప్పి నీడలో నెలపైనే ఆరనివ్వండి. పూర్తిగా ఆరాక పగుళ్ళు కనబడితే అసిటోన్‌లో పలచగా కరిగించిన పారలాయిడ్ బి-72 అనే మ్యూజియం వాళ్ళ జిగురు కుంచెతో రాస్తారు, కావాలంటే దాన్ని మళ్ళీ అసిటోన్‌తోనే తీసేయొచ్చు. ఫెవికాల్, వార్నిష్, ఆముదం ఏవీ రాయకండి. వార్నిష్ పూసిన పళ్ళు నా దగ్గరకు రెండు వచ్చాయి, రెండింటి సిమెంటమూ పెచ్చులుగా వార్నిష్‌తోపాటే లేచిపోయింది.

నీళ్ళలో వేసేముందు కొన్ని ఫొటోలు మళ్ళీ తీసి పెట్టండి. నమిలే ముఖం సరిగ్గా నడినెత్తినుంచి ఒకటి, రెండు పక్కలా రెండు, అడుగునుంచి వేర్లు కనబడేలా ఒకటి, అన్నింటిలో స్కేలు పంటికి ఆనించి. అన్నయ్య ఫోను చేసినప్పుడు ఏ రేవులో, ఏ నెలలో కొన్నాడో, అమ్మినవాళ్ళు ఏ వేట తావు పేరు చెప్పారో అడిగి కాగితం మీద రాసి తొట్టె దగ్గరే పెట్టుకోండి. కాలిపర్స్ కొలతలు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.